కుప్పం సోమవారాలు, నా హస్తవాసి

నా ఉద్యోగ జీవితంలో నాకు అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చిపెట్టిన పని ఒకటుంది. తమాషా ఏమిటంటే, ఆ పని నేను చెయ్యనే లేదు. నేను చేశాననుకున్నారు. కొన్నాళ్ళకు నేనూ అనుకున్నాను. అది ఎట్లా జరిగిందో, చివరికి ఎట్లా బయటపడిందో చెబుతాను. ఇప్పుడు నెట్‌వర్కు పనిలో ఉన్న పిల్లలు మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. నాకూ ఇప్పటికీ నవ్వే వస్తుంది.

తొంభైల్లో నేను మదనపల్లెలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్లో చేరాను. అక్కడికి కంప్యూటర్లు వస్తే వాటి మీద పాఠాలు చెప్పాను. వాటికి రోగాలు వస్తే విప్పి చూడడం కూడా నాకే పడింది. ఆ విప్పి చూసే అలవాటే నాకు అన్నం పెట్టింది. రెండువేల సంవత్సరం దాటాక టమాటాలు కొని పెద్ద ఊళ్ళకు పంపే ఒక కంపెనీ నన్ను నెట్‌వర్కు చూసుకోమని పిలిచింది. హెడ్డాఫీసు బెంగుళూరులో, ఇక్కడి మెయిన్ ఆఫీసు మదనపల్లెలో. కొనుగోలు కేంద్రాలు రెండు, ఒకటి పుంగనూరులో, ఒకటి కుప్పంలో.

పద్ధతి ఇట్లా ఉండేది. రైతు క్రేట్లు దించుతాడు. రేకుల షెడ్డులో కాటా పక్కన ల్యాప్‌టాప్ ఉంటుంది. అది తీగ లేకుండా షెడ్డులోని వైర్‌లెస్ పెట్టెతో, అక్కడినుంచి ఫోను లైను మీద మదనపల్లె సర్వర్‌తో కలవాలి. ఆ రోజు ధర సర్వర్ నుంచి రావాలి, తూకం చీటీ సర్వర్ నుంచి రావాలి. ఫోన్లో ధర చెబితే చెల్లదు. అంతకుముందు ఫోను ధరల్లో ఏవో గోల్‌మాల్లు జరిగాయట, అందుకని కంపెనీ ఆ తలుపు పూర్తిగా మూసేసింది.

ఈ కలవడానికి ల్యాప్‌టాప్ ఒక గుర్తింపు కార్డు చూపించాలి. కాగితం కార్డు కాదు, కంప్యూటరు లోపల ఉండే సర్టిఫికెట్. నేను ఫలానా కేంద్రం ల్యాప్‌టాప్‌ను, నన్ను లోపలికి రానీ, అని అది సర్వర్‌కు చెప్పుకుంటుంది. ఒకసారి ఒక ల్యాప్‌టాప్ దొంగతనం జరిగినప్పటి నుంచి హెడ్డాఫీసు వాళ్ళు ఆ కార్డుకు వారమే గడువు పెట్టారు. ఆదివారం రాత్రి ఎనిమిదికి పాతది చచ్చిపోతుంది. సోమవారం పొద్దున ఏడు గంటలకు మదనపల్లెలో నా దగ్గర పనిచేసే కుర్ర ఇంజనీరు కొత్తవి తయారుచేసి రెండు కేంద్రాలకూ మెయిల్లో పంపేవాడు, మెయిలుకు ఈ కార్డుతో పని లేదు. వాటిని తెరిచే పాస్‌వర్డు ఫోన్లో చెప్పేవాడు.

పుంగనూరులో ఎప్పుడూ ఏ తకరారూ లేదు. కుప్పంలో మాత్రం ప్రతి సోమవారం గండమే.

కుప్పం కేంద్రం ఇన్‌చార్జి అంతకుముందు గ్రానైటు యార్డులో సూపర్‌వైజరుగా చేసిన మనిషి. రాళ్ళ మిషన్ల హోరు మీద మాట్లాడి మాట్లాడి గొంతు అట్లాగే ఉండిపోయింది. సోమవారం ఏడున్నరకు నా ఫోను మోగిందంటే చెవికి దూరంగా పెట్టుకుని ఎత్తేదాన్ని.

"మేడమ్! కార్డు లేదంటాండాది! మళ్ళా అదే కత!"

"కొత్తది వేసుకున్నారా?"

"ఏస్కున్నాము మేడమ్, స్పేరు ల్యాప్‌టాప్‌లో గూడా. ఉండాది, కంటికి కనిపిస్తాండాది. అయినా లేదంటాది. రాండి మేడమ్, మీరు వస్తే గాని ఇది లెయ్యదు."

నేను ఒక్కటే చెప్పేదాన్ని. "నేను వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకండి. ఆపేసి పెట్టండి. మీరు నాలుగు నొక్కులు నొక్కితే రోగమేదో నాకు తెలియకుండా పోతుంది." డాక్టరు వచ్చేదాకా పేషెంటుకు ఏమీ పెట్టవద్దన్నట్టుగా చాలా పెద్దరికంగా చెప్పేదాన్ని.

తర్వాత బస్సెక్కేదాన్ని. పుంగనూరు, పలమనేరు, అక్కడినుంచి కుప్పం. నేను దిగేసరికి పదకొండు దాటేది. షెడ్డులో క్రేట్లు పేర్చి ఉండేవి. రైతులు నీడ వెతుక్కుని కూర్చుని ఉండేవాళ్ళు. గేటు బయట అవతలి రాష్ట్రాల దళారీలు టెంపోలు ఆపుకుని, ఎవరికి ఓపిక నశిస్తుందా అని చూస్తూ ఉండేవాళ్ళు. నేను నేరుగా వెళ్ళి ల్యాప్‌టాప్ ఆన్ చేసి, అదీ ఇదీ చూసి, కనెక్ట్ నొక్కితే, కలిసిపోయేది!

మొదటిసారి వైర్‌లెస్ సెట్టింగు ఒకటి మార్చి మళ్ళీ పెట్టాను, అదే మందనుకున్నాను. రెండోసారి కార్డు తీసేసి మళ్ళీ వేశాను, అది అనుకున్నాను. మూడోసారి ఏమీ చెయ్యకముందే కలిసింది. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. ఆ నిమిషంలో షెడ్డు మొత్తం చప్పట్లు కొట్టింది. చప్పట్లు వినబడుతుంటే అనుమానం ఎక్కడ వస్తుంది?

"సూసినారా! మా మేడమ్ చెయ్యి పెడితే చాలు!" అని ఇన్‌చార్జి యార్డు మొత్తానికీ వినబడేలా అరిచేవాడు. "హస్తవాసి అంటే ఇదప్పా!"

ఆ మాట షెడ్డు దాటి పోయింది. ఒక సోమవారం కాటా మనిషి చేతులు కట్టుకుని వచ్చాడు. "అమ్మా, మా బామ్మర్ది కొత్తగా బోరు ఏయించినాడు. మోటరు స్విచ్చి మీ చేత్తో ఏస్తే బాగుంటాదని అంటాండాడు. దగ్గరే, టీవీఎస్ మీద తీసుకుపోతాను."

నేను నవ్వాను, వద్దన్నాను, ఇన్‌చార్జి బలవంతం చేశాడు, వెళ్ళాను. స్విచ్చి వేశాను. పైపులో గాలి బుసకొట్టింది, బురద కక్కింది, ఆ వెనకే నీళ్ళు వచ్చాయి! బామ్మర్ది పెళ్ళాం నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ వారం మదనపల్లె బస్సులో నా కుడిచేతిని నేనే రెండుసార్లు చూసుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

పేరు సంగతి సరే, నష్టం మాత్రం నిజమైనది. సోమవారాలు పొద్దున తెచ్చిన కాయ మధ్యాహ్నానికి మెత్తబడేది. ఓపిక లేనివాళ్ళు దళారీలు ఇచ్చినకాడికి అమ్ముకుని పోయేవాళ్ళు. కొందరు అసలు సోమవారం రావడమే మానేశారు. బెంగుళూరు నుంచి మా పెద్దసారు మెయిలు మీద మెయిలు పెట్టేవాడు.

అప్పుడు నేనొక తెలివైన పరీక్ష చేశాను. ఒక సోమవారం కుప్పంలో దిగి, ల్యాప్‌టాప్‌ను ఆన్ చెయ్యకుండానే సంచిలో పెట్టుకుని జీపులో పుంగనూరు తీసుకుపోయాను. అక్కడి షెడ్డులో ఆన్ చేశాను. ఒక్క నొక్కుకే కలిసింది! అంటే ల్యాప్‌టాప్ మంచిదే, కార్డు మంచిదే, కుప్పం ఫోను లైనుదే తప్పు. ఎంత చక్కటి తర్కం! కుప్పం టెలిఫోన్ ఆఫీసులో కూర్చుని పోట్లాడి, షెడ్డుదాకా కొత్త కేబుల్ వేయించాను. లైన్‌మన్ పని ముగించి, స్తంభం దిగి, చేతులు దులుపుకుని అన్నాడు. "ఇంగ మా మీద సెప్పొద్దమ్మా. తీగ పెండ్లికూతురు మాదిరి ఉండాది."

మరుసటి సోమవారం ఏడున్నరకు ఫోను మోగింది. "మేడమ్! కార్డు లేదంటాండాది!"

ఆ రోజే పెద్దసారు ఫోన్లో తేల్చి చెప్పాడు. "వచ్చే సోమవారం నేను కుప్పం వస్తాను. పొద్దునే వస్తాను. నా కళ్ళ ముందు అది పనిచెయ్యకపోతే ఆ కేంద్రం మూసేస్తాం. అక్కడి మనుషుల్ని ఏంచెయ్యాలో తర్వాత చూద్దాం."

అక్కడి మనుషులంటే ఇన్‌చార్జి, కాటా మనిషి, హమాలీలు. నేను ఆ మాట ఇన్‌చార్జికి చెప్పినప్పుడు మొదటిసారి ఆయన గొంతు తగ్గింది. "ఆదివారమే వచ్చేయండి మేడమ్. మా ఇంట్లో ఉండండి. పొద్దున్నే మీ చేత్తోనే మొదలుపెడదాము. మీరుంటే భయం లేదు."

నాకూ భయం లేదు. నిజంగా లేదు! ఆదివారం చర్చి నుంచి అట్లాగే బస్టాండుకు పోయి బస్సెక్కాను. ఇన్‌చార్జి భార్య సంగటి, చెనిక్కాయల పొడి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. "ఆయన నిద్రలో గూడా కార్డు, కార్డు అంటాడమ్మా" అని చెప్పి నవ్వింది. నేను హాయిగా తిని హాయిగా పడుకున్నాను.

సోమవారం పొద్దున షెడ్డు దగ్గర తిరణాల మాదిరి ఉంది. ఈసారి మేడమ్ ముందే వచ్చేసిందని ఇన్‌చార్జి ఊరూరా చెప్పించాడు. సోమవారం మానేసిన రైతులు కూడా కాయ తెచ్చారు. రామకుప్పం వైపు నుంచి ట్రాక్టర్లు, ఆటోలు. గేటు బయట దళారీల టెంపోలు కూడా ఉన్నాయి, వాళ్ళకూ కబురు అందినట్టుంది. పెద్దసారు కారు దిగి, చేతి గడియారం సరిచేసుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

మదనపల్లెలో మా కుర్రాడు ఏడు గంటలకు కార్డు తయారుచేసి పంపాడు. తీసుకుని ల్యాప్‌టాప్‌లో వేశాను. ఇన్‌చార్జి నా చేతినే చూస్తున్నాడు.

కనెక్ట్ నొక్కాను.

చెల్లే సర్టిఫికెట్ ఏదీ లేదు, అని వచ్చింది.

మళ్ళీ నొక్కాను. లేదు. తీసేసి మళ్ళీ వేశాను. లేదు. వైర్‌లెస్ సెట్టింగు మార్చి పెట్టాను. లేదు. నా మందులన్నీ అయిపోయాయి. ఇన్ని సోమవారాల్లో నేను ఆ జబ్బును కళ్ళారా చూడడం అదే మొదటిసారి. నేను వచ్చేసరికి ఎప్పుడూ అది పోయే ఉండేది. ఆ ఆలోచన తట్టగానే ఒళ్ళు జిల్లుమంది. భయంతో కాదు. దొంగ ఇంట్లో ఉండగా నేను ఇంట్లోకి రావడం ఇదే మొదలు! ఇన్నాళ్ళూ వాడు పోయాక వచ్చి తలుపులు తుడిచి పోతున్నాను.

ఒక ముసలామె క్రేటు మీద చెయ్యి వేసుకుని అడిగింది. "ఏమ్మా, మీ మిషను ఎప్పుడు లేస్తాది? ఎండ వస్తే కాయ మెత్తబడతాది. ఆ టెంపోల వాళ్ళకైనా ఏసుకుంటాను, సెప్పు."

"కాసేపు ఆగవ్వా" అన్నాను. నా గొంతులో ఉత్సాహం చూసి ఇన్‌చార్జి బిత్తరపోయాడు. ఈమెకేమైనా మతి పోయిందా అన్నట్టు చూశాడు.

మదనపల్లెకు ఫోను చేశాను. "సర్వర్ ఎన్నిసార్లు కాదంది? ఏ కారణం రాసింది?"

కుర్రాడు చూసి చెప్పాడు. "ఒక్కసారి కూడా కాదనలేదక్కా. పుంగనూరు కార్డు వచ్చింది, తీసుకుంది. కుప్పం నుంచి అసలు కార్డే రాలేదు."

"రాలేదా? నేను ఇప్పుడు పదిసార్లు నొక్కాను!"

"నీ తోడక్కా. ఈడ తలుపు తట్టిన సప్పుడే లేదు."

ఇన్నాళ్ళూ మేమంతా సర్వర్ కాదంటోందనే అనుకున్నాం. అది ఎవరినీ కాదనలేదు. ఈ ల్యాప్‌టాప్ తన జేబులో ఉన్న కార్డును తానే చూసుకుని, ఇది చెల్లదు అనుకుని, గడప దాటకుండా కూర్చుంటోంది. లైను కాదు, సర్వర్ కాదు. రోగం నా ఒళ్ళోనే ఉంది.

మరి తన కార్డు చెల్లదని దానికి ఎందుకనిపిస్తోంది? కార్డు తెరిచాను. మొదటి పేజీలో ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా చెల్లుతుంది అని ఉంటుంది. అది నేను వందసార్లు చూసిందే. ఈ రోజు నుంచి వచ్చే ఆదివారం దాకా. సరిగ్గా ఉంది. ల్యాప్‌టాప్ గడియారం చూశాను. ఏడు దాటి ఇరవై. పెద్దసారు చేతి గడియారంతో పోల్చాను. నిమిషం తేడా లేదు. ఈ రెండూ నేను ప్రతిసారీ చూసేవే, ప్రతిసారీ సరిగ్గా ఉండేవే.

ఆ రోజు ఇంకొక పేజీ తిప్పాను. వివరాలు అని ఉండే రెండో పేజీ. అందులో తేదీ పక్కన గంటలు కూడా ఉంటాయి.

ఈ రోజు, ఉదయం పదిన్నర నుంచి.

పదిన్నరా? ఇంకా పదిన్నర కాలేదే! ఏడింటికి పుట్టిన కార్డు పదిన్నరకు పుట్టాను అంటుందేమిటి? ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

"ఒరే, నువ్వు ఈ కార్డు ఎన్నింటికి తయారుచేసినావు?"

"ఏడుకక్కా. నీకు సెప్పే సేసినా కదా."

"నీ దగ్గర తెరువు. రెండో పేజీ తియ్యి. ఏముంది?"

"ఉదయం ఏడు."

"నా దగ్గర పదిన్నర అని యాల సూపిస్తాంది?" ఉద్వేగంలో ఎందుకు అనబోయి నా నోట్లో కూడా మా ఊరి యాల వచ్చేసింది.

ఇద్దరం ఒకే కార్డును చూస్తున్నాం. మూడున్నర గంటలు తేడా. ఏ దేశంలో మనకంటే మూడున్నర గంటలు ముందు పొద్దు పొడుస్తుంది?

తెర మూలనున్న గడియారం మీద రెండుసార్లు నొక్కాను. పెద్ద గడియారం తెరుచుకుంది. దాని వెనక పేజీలో ప్రపంచ పటం ఉంది. పటం కింద రాసి ఉంది, జపాను అని.

నేను గట్టిగా నవ్వేశాను. అంతమంది ముందు, పెద్దసారు ముందు, పొట్ట పట్టుకుని నవ్వాను.

"ఇది కుప్పంలో లేదు సార్! జపానులో ఉంది!"

పెద్దసారు కుర్చీలోంచి లేచాడు. "ఏమంటున్నారు మీరు?"

చెప్పాను. కుప్పంలోని ల్యాప్‌టాప్‌లు రెండూ బెంగుళూరులో కొన్న పాత సరుకు. ఏదో కంపెనీ జపాను పని కోసం వాడినవి. గడియారం ముల్లు మనదే కాని, అది తానున్నది జపానులో అనుకుంటోంది. జపానులో ఏడున్నర అంటే మన దగ్గర ఇంకా తెల్లవారలేదు. మన ఏడంటే దానికి పదిన్నర, కాబట్టి మా కుర్రాడు ఏడింటికి చేసిన కార్డు దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. పుట్టని కార్డును ఎట్లా చూపిస్తుంది? దాని ముల్లు పదిన్నర మీదికి వచ్చేదాకా కూర్చుంటుంది. వచ్చాక ఎవరు నొక్కినా కలుస్తుంది. నేను నొక్కినా, హమాలీ నొక్కినా. నేను బస్సు దిగేది పదకొండు తర్వాత. అదీ నా హస్తవాసి! పుంగనూరు తీసుకుపోయినప్పుడు కూడా అది బాగుపడింది ఊరు మారి కాదు, అప్పటికే పొద్దెక్కి. పాపం ఆ లైన్‌మన్!

ఇండియా అని మార్చాను. మార్చగానే గడియారం గిర్రున వెనక్కి, తెల్లవారుజాముకు పోయింది. దాన్ని పెద్దసారు చేతి గడియారం చూసి సరిచేశాను. కార్డు మళ్ళీ తెరిచాను. ఉదయం ఏడు నుంచి, అని ఉంది.

"ఇప్పుడు మీరు నొక్కండి" అని ఇన్‌చార్జితో అన్నాను.

"నేనా? వద్దు మేడమ్. మీ చెయ్యే..."

"నా చేతిలో ఏమీ లేదప్పా. నొక్కు."

ఆయన వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. నొక్కాడు. తెర మీద ఆ రోజు ధర వచ్చింది.

షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత అరుపు! కాటా మనిషి మొదటి క్రేటు ఎత్తి కాటా మీద దభీమని పెట్టాడు. ముసలామె క్రేట్లే ముందు తూచారు. చీటీ చేతికి రాగానే దాన్ని వెలుగులో పట్టుకుని చూసి, రవికలో దోపుకుని, నా వైపైనా చూడకుండా ఆటో ఎక్కి పోయింది. గేటు బయట టెంపోలు ఒకటొకటిగా స్టార్టు అయ్యాయి.

పెద్దసారు రెండో ల్యాప్‌టాప్ తెప్పించి, దాని గడియారం తానే తెరిచి చూశాడు. అదీ జపానే. కాసేపు ఆ పటాన్ని చూసి, బయటికి పోయి ఫోన్లో మాట్లాడాడు. తిరిగొచ్చి, "లారీ ఇంకొకటి పంపమన్నాను, ఇంత సరుకు ఒక దాంట్లో పట్టదు" అన్నాడు. కేంద్రం గురించి ఆయన చెప్పింది అంతే. అది చాలు.

పని ఒక దారిలో పడ్డాక ఇన్‌చార్జి నా పక్కకు వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"మేడమ్, ఆ గడియారం తిప్పింది నేనే. ఇవి వచ్చిన రోజు టైము ముందుకు ఉండాది. మూడున్నర గంటలు ముందుకు. తప్పుండాదని ముల్లు సరిజేసినాను. దేశం సూడాలని నాకేం తెలుసు? నా సేత్తోనే ఇన్ని సోమవారాలు..." గేటు వైపు చూశాడు. "ఎంతమంది కాయ ఆ టెంపోలకు ఏసి పోయినారు మేడమ్."

ఆయన సరిచేసిన ముల్లును ఇన్నాళ్ళూ చూసి సరిగ్గా ఉందన్నది నేనే. ముట్టుకోవద్దని ఆపించింది కూడా నేనే. అది ఆన్‌లో ఉండి, ఊరికే మళ్ళీ మళ్ళీ నొక్కుతూ ఉంటే, రెండో సోమవారానికే ఇది పొద్దెక్కితే పనిచేస్తుంది అని ఆయనే కనిపెట్టేవాడు. ఆ మాటే చెప్పాను.

"అయితే ఇద్దరికీ సగం సగం" అన్నాడు. గొంతు మళ్ళీ పెరిగింది. "రాండి మేడమ్, టిఫిను తిందాము."

ఆ తర్వాత సోమవారం నేను మదనపల్లెలో నా బల్ల దగ్గరే ఉన్నాను. ఏడు గంటలకు కార్డులు పోయాయి. నేనూ మా కుర్రాడూ సర్వర్ తెర ముందు కూర్చున్నాం. పుంగనూరు వచ్చింది, లోపలికి పోయింది. తర్వాత తెర మీద కదలిక లేదు. కుర్రాడు గోళ్ళు కొరుకుతున్నాడు. అంతలో కుప్పం! తట్టింది, కార్డు చూపించింది, లోపలికి పోయింది! ఇద్దరం కుర్చీల్లోంచి లేచాం.

ఇక ఇన్‌చార్జి సంతోషంగా ఫోను చేస్తాడని ఎదురుచూశాను. ఏడున్నర అయింది. ఎనిమిది అయింది. ఫోను మోగలేదు. మనసాగక నేనే చేశాను. చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనక కాటా చప్పుడు, హమాలీల కేకలు, ట్రాక్టరు మోత.

"ఏమప్పా, పనిచేస్తాందా?"

"ఏంది మేడమ్? ఏం పనిచెయ్యాల?"

"కార్డు!"

"ఓ, అదా! యాల మేడమ్, ఏమన్నా ప్రాబ్లమా? ఈడ ఊపిరాడకుండా ఉండాది, మూడు ట్రాక్టర్లు నిలబడుండాయి. పెట్టేస్తాను మేడమ్, మళ్ళా మాట్లాడతాను."

ఠక్కున లైను తెగింది. కుర్రాడు నా మొహంలోకి చూశాడు. "ఏమన్నాడక్కా?"

"పెట్టేశాడురా!" అన్నాను. "మనతో మాట్లాడే తీరిక లేదంట!"

ఇద్దరం బిగ్గరగా నవ్వుతుంటే పక్క గదిలో అకౌంట్సు వాళ్ళు ఏమైందోనని లేచి వచ్చారు.